ర్యాంకు వేరు, బలం వేరు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి జట్టును ఎలా తేల్చాలి?

2024 అక్టోబర్ 12. ఒరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణం. ఆట ముగియడానికి ఇంకా 10 సెకన్లు. ఒరెగాన్ 32, ఒహాయో స్టేట్ 31. బంతి ఒహాయో స్టేట్ చేతిలో ఉంది, కొద్ది గజాలు ముందుకెళ్తే ఫీల్డ్ గోల్ కొట్టి (బంతిని స్తంభాల మధ్యనుంచి తన్ని) గెలిచే అవకాశం. సరిగ్గా అప్పుడు ఒరెగాన్ డిఫెన్స్‌లో ఉండాల్సిన 11 మందికి బదులు 12 మంది నిలబడ్డారు. ఒహాయో స్టేట్ విసిరిన పాస్ నేలపాలైంది. రిఫరీ తప్పు పట్టి 5 గజాలు ముందుకు జరిపాడు. కానీ ఆ పాస్‌కు ఖర్చయిన 4 సెకన్లు వెనక్కి రాలేదు, అప్పటి నియమం అలా ఉంది. మిగిలిన 6 సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి పాస్‌లు విసిరే ఆటగాడు) విల్ హోవర్డ్ బంతి పట్టుకుని పరుగు తీశాడు. అతను నేలమీదికి జారేసరికి గడియారం సున్నాకు వచ్చేసింది. కొన్ని రోజుల్లోనే ఆ లొసుగును పూడ్చేశారు గానీ ఫలితం మాత్రం మారలేదు.

ఆ ఒక్క పాయింటు తేడాతో ఒరెగాన్ ప్లేఆఫ్ దాకా, అంటే జాతీయ టైటిల్ కోసం 12 జట్లు ఆడే పోటీ దాకా, ఓటమి లేకుండా నడిచింది. 13 ఆటలు, 13 గెలుపులు, ప్లేఆఫ్‌లో నంబర్ 1 సీడ్ (జట్లకు ముందే ఇచ్చే వరుస స్థానం). ఒహాయో స్టేట్‌కు మరో దెబ్బ కూడా తగిలింది. నవంబర్ 30న సొంత మైదానంలో, ర్యాంకింగ్‌లో చోటే లేని మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. దాంతో 8వ సీడ్ దక్కింది. 2025 జనవరి 1న రోజ్ బౌల్ అనే పేరున్న ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్‌లో ఈ రెండు జట్లూ మళ్ళీ ఎదురుపడ్డాయి. రెండో క్వార్టర్‌లో స్కోరు చూస్తే ఒహాయో స్టేట్ 34, ఒరెగాన్ 0. చివరికి 41-21తో ముగిసింది. ఆ తర్వాత జాతీయ టైటిల్ కూడా ఒహాయో స్టేట్‌దే.

అక్టోబర్‌లో ఒక పాయింటు తేడాతో ఒరెగాన్ మేలు, జనవరిలో 20 పాయింట్ల తేడాతో ఒహాయో స్టేట్ మేలు. ఇందులో ఏది నిజం అని అడిగితే రెండూ నిజమే. అభిమానులు ఏటా ఒకరి గొంతు ఒకరు పట్టుకునే వాదన అంతా ఇక్కడే మొదలవుతుంది. "ఏ జట్టు గొప్ప" అన్నప్పుడు మనం రెండు వేరు వేరు ప్రశ్నలు కలిపి అడుగుతున్నాం. ఇప్పటిదాకా ఎవరు ఎక్కువ సాధించారన్నది ఒకటి. రేపు తలపడితే ఎవరు గెలుస్తారన్నది ఇంకొకటి. రోజ్ బౌల్‌కు ముందు సీడింగ్ పట్టిక ఒరెగాన్‌ను పైన పెట్టింది. పందేలు కాసేవాళ్ళ మార్కెట్ మాత్రం ఒహాయో స్టేట్‌నే ఫేవరెట్‌గా చూపింది. రెండు పట్టికలూ సరైనవే. మొదటిది గడిచినదాన్ని లెక్క కట్టింది, రెండోది రాబోయేదాన్ని.

ఈ ఆట గురించి కొత్తగా తెలుసుకుంటున్నవారికి రెండు మాటలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడేది. ఒక్కో వైపు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, దానిమీద అదనపు పాయింటుకు అవకాశం. ఫీల్డ్ గోల్‌కు 3. ఆడేది విద్యార్థులే అయినా చూసేవాళ్ళ సంఖ్య మామూలుగా ఉండదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం సామర్థ్యమే 1,07,601. డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా, కొలంబస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ యూనివర్సిటీల్లో చేరుతున్నారు కాబట్టి శనివారం మధ్యాహ్నాలు ఈ గొడవ మన ఇళ్ళలోకీ వచ్చేసింది. ఆ పిల్లలు ఎందుకంత ఆవేశంగా వాదిస్తారో అర్థం కావాలంటే ముందు లెక్క చూడాలి.

2024లో పై స్థాయిలో ఆడిన జట్లు 134. వాటిలో ఏ రెండింటినైనా జతకడితే 8,911 జతలు వస్తాయి. ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 ఆటలే, అందులోనూ చాలా జట్లు ఒక ఆట కింది స్థాయి జట్టుతో ఆడతాయి. అంటే ఈ జతల్లో నిజంగా తలపడేవి 800 లోపే. నూటికి తొంభైకి పైగా జతల విషయంలో ఎవరు గెలుస్తారో మైదానం చెప్పదు. మనమే ఊహించాలి. ఒకే కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే జట్ల కూటమిలో, ఉన్నా పరిస్థితి పెద్దగా మారదు. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు 18 జట్లున్నాయి. ఒక జట్టు వాటిలో 9 జట్లతోనే ఆడుతుంది, మిగతా 8 జట్ల మొహం కూడా చూడదు. ఇంతటి ఖాళీ ఉన్నచోట అభిప్రాయం వచ్చి కూర్చుంటుంది. అభిప్రాయం ఉండటాన్ని నేను తప్పు పట్టను. అది సాక్ష్యం వేషం వేసుకున్నప్పుడే చిక్కు.

ఆగస్టులో పుట్టిన అభిప్రాయం డిసెంబర్ దాకా

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 1936 నుంచి క్రీడా విలేకరులతో ఓటింగ్ నడుపుతోంది. ఓటేసే ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన 25 జట్లను వరుసలో రాస్తారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, చివరిదానికి ఒకటి. అన్నీ కలిపితే వారం వారం ర్యాంకింగ్. పద్ధతి తేలిగ్గా ఉంటుంది, తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ కనబడదు. కానీ మొదటి ఓటింగ్ సీజన్ మొదలవకముందే, ఆగస్టులో జరుగుతుంది. ఒక్క బంతి కూడా ఆడకముందు జట్టును దేన్నిబట్టి కొలుస్తారు? నిరుడు ఎలా ఆడిందో చూస్తారు, హైస్కూల్ నుంచి ఎంత పేరున్న కుర్రాళ్ళను తెచ్చుకుందో చూస్తారు. వాటికి జట్టు పేరుకున్న బరువు కలుస్తుంది.

మొదటి రెండూ పనికిరాని కొలతలేమీ కావు. మంచి కుర్రాళ్ళను ఏళ్ళ తరబడి పోగేసిన జట్లే ఎక్కువసార్లు టైటిళ్ళు గెలిచాయి. కానీ అంచనా తప్పినప్పుడు ఎంత దూరం తప్పుతుందో చూడండి. 2022 ఆగస్టులో టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌ది 6వ ర్యాంకు. అదే రాష్ట్రంలోని టీసీయూకు (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మొదటి 25లో చోటే లేదు. సీజన్ ముగిసేసరికి టెక్సాస్ ఎ అండ్ ఎమ్ 5 గెలిచి 7 ఓడింది. టీసీయూ జాతీయ ఫైనల్ ఆడింది. 2024లో 10వ ర్యాంకుతో మొదలైన ఫ్లోరిడా స్టేట్ 2 గెలిచి 10 ఓడింది. 2025 ఆగస్టులో నంబర్ 1 టెక్సాస్, నంబర్ 2 పెన్ స్టేట్. ఆ రెండింటిలో ఒక్కటీ 12 జట్ల ప్లేఆఫ్ గడప తొక్కలేదు. పెన్ స్టేట్ అయితే అక్టోబర్‌లోనే కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను సాగనంపింది.

తప్పు అంచనా వేయడం మానవ సహజం, నాలుగు వారాల్లో దిద్దుకోవచ్చు కదా అనిపిస్తుంది. దిద్దుకుంటారు కూడా, ఆ జట్టు వరకు. దాని ప్రత్యర్థుల ఖాతాల్లో మాత్రం పాత అంచనా అలాగే మిగిలిపోతుంది. సెప్టెంబర్‌లో ఒక జట్టు 6వ ర్యాంకు జట్టును ఓడించిందనుకుందాం. టీవీ వ్యాఖ్యాత నవంబర్‌లో కూడా "టాప్ 10 జట్టును ఓడించారు" అనే అంటాడు. ఆ 6వ ర్యాంకు జట్టు ఈలోపు ఐదారు ఆటలు ఓడిపోయి ఉండొచ్చు. అలాగే పైనున్న జట్టు మరో పై జట్టు చేతిలో ఓడితే రెండు మెట్లు దిగుతుంది. పేరు లేని జట్టు ఓడితే పట్టికలోంచే మాయమవుతుంది. ఒక కాన్ఫరెన్స్‌లో ఆగస్టులోనే ఏడెనిమిది జట్లకు ర్యాంకులిచ్చేస్తే, తర్వాత అవి ఒకదానితో ఒకటి ఆడిన ప్రతిసారీ గెలిచినదానికి గొప్ప గెలుపు, ఓడినదానికి గౌరవప్రదమైన ఓటమి దక్కుతాయి. అంచనా తనను తానే నిరూపించుకుంటూ పోతుంది. ఆ కాన్ఫరెన్స్ నిజంగా బలమైనదే కావచ్చు. కానీ ఈ లెక్క దాన్ని నిరూపించలేదు, ఎందుకంటే మొదట అనుకున్నదే చివర తేలింది.

ఎవరిమీద గెలిచారు?

షెడ్యూల్ బలం ఎంత ముఖ్యమో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ రంజీలో 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ చరిత్రలోనే అతివేగంగా వచ్చిన ట్రిపుల్ సెంచరీ అది. మొత్తం 366 పరుగులు. అందరూ చప్పట్లు కొట్టారు, వెంటనే అడిగిన ప్రశ్న కూడా ఒకటే: ఎవరిమీద? అరుణాచల్ ప్రదేశ్ మీద, కింది స్థాయి జట్లుండే ప్లేట్ గ్రూప్‌లో. ఆ ప్రశ్న అడిగినంత మాత్రాన 366 అబద్ధమైపోదు. ముంబయి బౌలింగ్ మీద ఎంత కొట్టేవాడో ఆ అంకె చెప్పదు, అంతే.

2024లో ఇండియానా విషయంలో ఇదే వాదన నడిచింది. ఆ ఏడాది బిగ్ టెన్ విలేకరుల అంచనాలో 18 జట్లకు 17వ స్థానంలో నిలబెట్టిన జట్టు అది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటి వచ్చి రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలకు 11 గెలిపించాడు. ఓడిన ఒక్కటీ ఒహాయో స్టేట్ చేతిలో, 38-15తో. "బలమైన జట్టు ఎదురవగానే చేతులెత్తేశారు, మిగతావన్నీ బలహీనుల మీద గెలుపులు" అన్నారు. ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో నోటర్ డేమ్ చేతిలో 27-17తో ఓడగానే ఆ మాట మరింత గట్టిగా వినబడింది. దానికి బదులు 3 ఆటలు ఓడిన అలబామాను తీసుకోవాల్సిందని టీవీలో బాహాటంగా వాదించారు.

నేను ఇక్కడ గట్టిగానే మాట్లాడతాను. అదే రౌండ్‌లో, అలబామా ఉన్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌కే చెందిన టెనెసీ ఒహాయో స్టేట్ చేతిలో 42-17తో ఓడింది. ఇండియానా ఓడింది 10 పాయింట్ల తేడాతో, టెనెసీ ఓడింది 25 తేడాతో. టెనెసీకి ప్లేఆఫ్‌లో ఆడే అర్హత ఉందా అని అంత గట్టిగా అడిగినవాళ్ళు లేరు. ఇక అలబామా అప్పటికే వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో, ఓక్లహామా చేతిలో 24-3తో ఓడి ఉంది. ఓడించింది ఎవరన్నది కాకుండా ఓడినవాడి జెర్సీ ఏ రంగు అన్నది చూసి తీర్పు చెప్తే దాన్ని విశ్లేషణ అనలేం.

షెడ్యూల్‌ను న్యాయంగా కొలిచే పద్ధతి ఉంది. ఈఎస్‌పీఎన్ వాడే "స్ట్రెంత్ ఆఫ్ రికార్డ్" అనే కొలత అడిగే ప్రశ్న నాకు బాగా నచ్చుతుంది: టాప్ 25లో ఉండే సగటు జట్టును తెచ్చి ఇదే షెడ్యూల్ ఆడిస్తే, ఇన్ని గెలుపులు సాధించే అవకాశం ఎంత? షెడ్యూల్ కష్టంగా ఉందని ఊరికే మార్కులు వేయదు, ఆ కష్టంలో ఏం సాధించావని అడుగుతుంది. పెద్ద కాన్ఫరెన్స్‌లో పుట్టినందుకు బహుమతీ లేదు, చిన్న కాన్ఫరెన్స్‌లో ఉన్నందుకు శిక్షా లేదు. అయితే ఇది మొదటి ప్రశ్నకే జవాబు, ఎవరు ఎక్కువ సాధించారన్నదానికి. రేపటి ఆట సంగతి ఇది చెప్పదు.

స్కోరు చెప్పేది, దాచేది

రేపటి ఆట గురించి అడిగితే గెలుపు ఓటముల కంటే ఆడిన తీరే ఎక్కువ చెప్తుంది. 2022 టీసీయూ దీనికి మంచి పాఠం. ఆ జట్టు రెగ్యులర్ సీజన్‌లో 12కు 12 గెలిచింది, చాలావరకు అంచు మీద నడుస్తూ. నవంబర్ 19న బేలర్ మీద ఆటలో చివరి క్షణాల్లో గడియారం నడుస్తూనే ఉంది, ఆపడానికి టైమవుట్ లేదు. ఫీల్డ్ గోల్ దళం బెంచీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి వరుసలో నిలబడి, ఆఖరి క్షణంలో 40 గజాల నుంచి తన్నింది. 29-28. ఆ కుర్రాళ్ళ నిబ్బరం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ గణాంకాల దృష్టితో చూస్తే ఆ ఆట సమ ఉజ్జీల పోరే. దాన్ని 26-28గా మార్చడానికి ఒక చిన్న తడబాటు చాలు.

సెమీఫైనల్‌లో టీసీయూ మిషిగన్‌ను 51-45తో ఓడించింది. అందులో రెండు టచ్‌డౌన్లు మిషిగన్ విసిరిన పాస్‌లను మధ్యలో పట్టేసి పరిగెత్తి చేసినవి. ఇంకోచోట మిషిగన్ ఆటగాడు రోమన్ విల్సన్ పట్టిన బంతిని మొదట టచ్‌డౌన్ అన్నారు, తర్వాత రీప్లే చూసి గీతకు అంగుళాల ముందే పడ్డాడని మార్చారు. ఆ వెంటనే తర్వాతి ప్రయత్నంలోనే మిషిగన్ బంతి జారవిడిచింది, టీసీయూ పట్టేసింది. ఏడు పాయింట్లు రావాల్సినచోట సున్నా. ఇంటర్‌సెప్షన్‌లో, అంటే అలా పాస్‌ను పట్టేయడంలో, నైపుణ్యం పాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. జారిన బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది మాత్రం ఎక్కువగా అదృష్టమే. గుండ్రంగా లేని బంతి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. ఇలాంటి ఘటనలు ఒక ఆటలో అన్నీ ఒకే వైపు పడొచ్చు, ప్రతి వారం మాత్రం పడవు. ఫైనల్‌లో జార్జియా 65, టీసీయూ 7.

ఆ 65-7 చూపించి "టీసీయూ అసలు అక్కడ ఉండాల్సింది కాదు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ చోటును మిషిగన్ మీద ఆడి గెలుచుకున్నారు. జార్జియాతో సమానమైన జట్టు కాదనడం వేరు, అర్హత లేదనడం వేరు.

అందుకే ఆటను లోతుగా చూసేవాళ్ళు స్కోరు పక్కన పెట్టి ఒక్కో ప్రయత్నాన్నీ విడివిడిగా లెక్కిస్తారు. వాళ్ళు ఎక్కువగా వాడే కొలత సక్సెస్ రేట్. మొదటి ప్రయత్నంలో, ఇంకా వెళ్ళాల్సిన దూరంలో సగమైనా సాధిస్తే అది సఫలం. రెండో ప్రయత్నంలో 70 శాతం, మూడు నాలుగు ప్రయత్నాల్లో మొత్తం దూరం సాధించాలి. ఈ కళ్ళతో చూస్తే ఆట వేరుగా కనిపిస్తుంది. మొదటి ప్రయత్నంలో 10 గజాలకు 5 సాధిస్తే చప్పట్లు పడవు, కానీ అది మంచి ఆట. మూడో ప్రయత్నంలో 12 గజాలు కావాల్సినప్పుడు 11 సాధిస్తే టీవీ పట్టికలో 11 గజాలు గొప్పగా కనిపిస్తాయి, నిజానికి అది విఫలం. ఒక జట్టు 400 గజాలు సాధించిందన్న అంకె కూడా అంతే. 60 ప్రయత్నాల్లో సాధించిందా, 90 ప్రయత్నాల్లోనా అన్నది తెలియకపోతే దానికి విలువ లేదు. ఆట చేజారిపోయాక ఎదుటి జట్టు రెండో వరుస కుర్రాళ్ళను దింపినప్పుడు వచ్చిన గజాలను లెక్కలోంచి తీసేయాలి. రెండు జట్లను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఒక్కో ప్రయత్నానికి ఎన్ని గజాలు, సక్సెస్ రేట్ ఎంత, అవి ఎలాంటి డిఫెన్స్ మీద వచ్చాయి అన్నదే. ర్యాంకు తర్వాత చూస్తాను.

'ఏ' జట్టు 'బీ'ని ఓడించింది, 'బీ' జట్టు 'సీ'ని ఓడించింది, కాబట్టి 'సీ' కంటే 'ఏ' మేలు అనే తర్కం గురించి మాత్రం ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2017లో ఆబర్న్ జార్జియాను 40-17తో, అలబామాను 26-14తో ఓడించింది. తర్వాత అదే జార్జియా చేతిలో 28-7తో ఓడింది. సీజన్ ఆఖరున యూసీఎఫ్ (యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా) ఆబర్న్‌ను 34-27తో ఓడించి 13-0తో నిలిచింది. టైటిల్ కోసం ఆడింది అలబామా, జార్జియాలు. బౌల్ ఆటలకు (రెగ్యులర్ సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక ఆటలు) ముందు, ప్లేఆఫ్ జట్లను ఎంచే సెలక్షన్ కమిటీ యూసీఎఫ్‌ను 12వ స్థానంలో ఉంచింది. ఆ గొలుసును ఎటునుంచి లాగితే అటు వస్తుంది, దేన్నీ తేల్చదు. కానీ ఓటమే లేని జట్టు 12వ స్థానంలో ఉండటం దగ్గర ఆగి ఆలోచించాలి. గెలుపు ఓటములు తప్ప ఇంకేమీ చూడని కోలీ మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ లెక్క ఆ ఏడాది యూసీఎఫ్‌నే నంబర్ 1 అన్నది.

13 మంది గదిలో కూర్చుని

1998 నుంచి 2013 దాకా ఓటింగ్‌నూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి ఫైనల్ ఆడే రెండు జట్లను తేల్చేవారు. గెలుపు తేడాను లెక్కిస్తే బలహీన జట్ల మీద కనికరం లేకుండా స్కోర్లు పెంచుకుంటారన్న భయంతో 2002 నుంచి కంప్యూటర్లను ఆ తేడా చూడనివ్వలేదు. ఉద్దేశం మంచిదే, కానీ దాంతో కంప్యూటర్‌కు ఒక కన్ను మూసినట్టయింది. 2014 నుంచి ఆ బాధ్యత 13 మంది సభ్యుల కమిటీ చేతికి వచ్చింది. మొదట నాలుగు జట్లు, 2024 నుంచి పన్నెండు. కమిటీ టెక్సాస్‌లోని గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్లో సమావేశమై ఆటలు చూసి, కాన్ఫరెన్స్ టైటిల్, షెడ్యూల్ బలం, ముఖాముఖి ఫలితం వంటివి చర్చించి వరుస తేలుస్తుంది. ముఖ్యమైన ఆటగాళ్ళు అందుబాటులో లేకపోవడాన్ని కూడా పరిగణించవచ్చని వారి నియమావళిలో ఉంది. ఈ చివరి వాక్యమే 2023లో తుపాను రేపింది.

ఫ్లోరిడా స్టేట్ ఆ ఏడాది ఒక్క ఆటా ఓడలేదు. నవంబర్ 18న నార్త్ అలబామాతో ఆటలో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్ర గాయమై సీజన్ ముగిసిపోయింది. రెండో క్వార్టర్‌బ్యాక్‌తో ఫ్లోరిడాను 24-15తో ఓడించారు. అతనూ తలకు దెబ్బ తగిలి దూరమయ్యాడు. తమ కాన్ఫరెన్స్ అయిన ఏసీసీ ఫైనల్‌లో మొదటి ఏడాది కుర్రాడు, మూడో క్వార్టర్‌బ్యాక్ దిగాడు. దాడి నత్తనడక నడిచింది, డిఫెన్స్ మాత్రం లూయివిల్‌ను ఒక్క టచ్‌డౌన్ కూడా చేయనివ్వలేదు. 16-6తో గెలిచి 13-0తో కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయ్యారు. మర్నాడు, డిసెంబర్ 3న కమిటీ ప్రకటించిన నాలుగు జట్లు: మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామా. చివరి రెండింటికీ ఒక్కో ఓటమి ఉంది. ఫ్లోరిడా స్టేట్ ఐదోది. నాలుగు జట్ల ప్లేఆఫ్ కాలంలో పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా టైటిల్ గెలిచి బయట ఉండిపోయిన జట్టు అదొక్కటే. ట్రావిస్ లేకుండా అది వేరే జట్టు అన్నది కమిటీ వివరణ.

దీని పక్కన 2014 ఒహాయో స్టేట్‌ను పెట్టి చూడాలి. వాళ్ళకూ మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కు ముందే గాయపడ్డాడు, రెండో అతను మిషిగన్ మీద ఆటలో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. బిగ్ టెన్ ఫైనల్‌లో మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్ జీవితంలో మొదటిసారి ఆట మొదలుపెట్టాడు. విస్కాన్సిన్ మీద 59-0. కమిటీ ఒహాయో స్టేట్‌ను నాలుగో స్థానంలోకి తెచ్చింది. అంతకుముందు వారం 3వ స్థానంలో ఉండి, ఆ శనివారం అయోవా స్టేట్‌ను 55-3తో చిత్తు చేసిన టీసీయూ 6కు పడిపోయింది. ఒహాయో స్టేట్ అలబామానూ ఒరెగాన్‌నూ ఓడించి టైటిల్ గెలిచింది. మూడో క్వార్టర్‌బ్యాక్‌తో ఏం సాధించవచ్చో ముందే తెలుసని ఎవరైనా అంటే, ఆ రెండు సీజన్లు వాళ్ళను నమ్మనివ్వవు.

ఫ్లోరిడా స్టేట్ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడింది. "చూశారా, కమిటీ చెప్పిందే నిజం" అన్నారు చాలామంది. ఆ ఆటకు ఫ్లోరిడా స్టేట్ ప్రధాన ఆటగాళ్ళు ఎంతోమంది దిగనే లేదు. టైటిల్ అవకాశం లేని ఆటలో గాయపడితే ప్రొఫెషనల్ భవిష్యత్తు పోతుందని కొందరు, వేరే యూనివర్సిటీకి మారుతూ కొందరు దూరమయ్యారు. 63-3 ఆ రోజు మైదానంలో ఉన్న కుర్రాళ్ళ స్కోరు, డిసెంబర్ 2 నాటి జట్టు స్కోరు కాదు. ఆ జట్టు సెమీఫైనల్‌లో ఓడిపోయి ఉండేదేమో, నేనూ బహుశా అలాగే అనుకుంటాను. అయినా ఆడనివ్వాల్సింది. షెడ్యూల్‌లో రాసిన ప్రతి జట్టునూ ఓడించిన కుర్రాళ్ళకు, మీరు గెలవరని మాకు అనిపిస్తోంది కాబట్టి ఇంటికెళ్ళండి అని చెప్పడం ఆటకే అన్యాయం. రేపటి అంచనాకు పందేల మార్కెట్ ఉంది. ప్లేఆఫ్‌లో చోటు మాత్రం సాధించినదానికి దక్కాలి.

2025లో ఈ రెండు ప్రశ్నలూ మళ్ళీ ఒకదానిమీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆగస్టు 31న మయామీ నోటర్ డేమ్‌ను 27-24తో ఓడించింది. సీజన్ చివరికి రెండిటిదీ 10-2. అయినా కమిటీ వారాల తరబడి నోటర్ డేమ్‌నే పైన ఉంచింది. మొదటి రెండు ఆటలూ ఓడాక వరసగా పది గెలిచింది కాబట్టి ఇప్పుడు అదే బలంగా కనబడుతోందన్నది వాదన. ఆఖరి వారాంతంలో ఈ రెండూ ఆడనే లేదు. మధ్యలో ఉన్న బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) తన కాన్ఫరెన్స్ అయిన బిగ్ 12 ఫైనల్‌లో ఓడి కిందికి జారింది, రెండు జట్లూ పక్కపక్కకు వచ్చాయి, అప్పుడు గానీ ఆగస్టు ఆట కమిటీకి కనబడలేదు. మయామీ 10, నోటర్ డేమ్ 11. చివరి చోటు మయామీకి దక్కింది. ఆడకుండానే రెండు జట్ల వరుస మారిందంటే మారింది జట్లు కాదు, చూసేవాళ్ళ చూపు. నోటర్ డేమ్ కోపంతో బౌల్ ఆటే వద్దనుకుంది.

అలా ఆఖరి క్షణంలో లోపలికొచ్చిన మయామీ టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌ను 10-3తో, అంతకుముందు ఏడాది ఛాంపియన్ ఒహాయో స్టేట్‌ను 24-14తో, సెమీఫైనల్‌లో ఓల్ మిస్‌ను 31-27తో ఓడించి జాతీయ ఫైనల్‌కు చేరింది. 2026 జనవరి 19న సొంత ఊరి స్టేడియంలో 27-21తో ఓడింది. ఓడించింది ఇండియానా. ఏడాది క్రితం ప్లేఆఫ్‌కు తగదన్న ఆ ఇండియానా దారిలో రోజ్ బౌల్‌లో అలబామాను 38-3తో ఓడించింది. సీజన్‌ను 16 ఆటలకు 16 గెలిచి ముగించింది.